ఆధియు వ్యాధియు
(వార్షికమహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభలో విద్యను గూర్చియు, వృత్తిని గూర్చియు, ఐకమత్యమును గూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. మనస్సు దేహమును ఎట్లు శాసించును, దీనిని గూర్చి పూర్వవైద్యులు ఏమి చెప్పిరి అను విషయము మా వంతునకు వచ్చినది. మేము వైద్యులము కాము. ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో ఉపాధ్యాయత్వము నెరపి, తీరిక వేళలలో సంస్కృతగ్రంథములను పఠించినవారము మాత్రమే. అయినను ఈ విషయమును ఈ సభలో ముచ్చటించుటకు మనకు విశేషాధికారము కలదు. నాయీబ్రాహ్మణులమగు మనము ధన్వంతరిని మూలపురుషునిగా కొలుచువారము. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో దవాఖానా అన్నమాట వినబడని పల్లెలందు కురుపు కోసినవారు, జలగ పట్టించినవారు, నాడి చూచినవారు మన తాతలు. పురుళ్లు పోసినవారు మన అవ్వలు. కావున వైద్యశాస్త్రచరిత్ర మనకు పరుల కథ కాదు, ఇంటి కథయే.

మేము నేడు విన్నవించు మాట యొక్కటియే. మనస్సు దేహమును పీడింపగలదనియు, ఊరడింపగలదనియు మన పూర్వులెరుగుదురు. ఆ శక్తికి మేర కలదనియు వారెరుగుదురు. మొదటి మాటను మనము నిలుపుకొంటిమి, రెండవదానిని మరచితిమి. ఆ మరపువలన ప్రాణములు పోవుచున్నవి.

మొదట ఆయుర్వేదమును చూతము. చరకసంహిత దేహమును మనస్సును రెంటిని రోగములకు ఆశ్రయములుగా పరిగణించినది. వాతపిత్తకఫములు దేహదోషములు, రజస్తమస్సులు మనోదోషములు. చికిత్స మూడు విధములు. జపహోమాదులచేత చేయునది దైవవ్యపాశ్రయము. ఔషధాహారములచేత చేయునది యుక్తివ్యపాశ్రయము. మనస్సును అహితవిషయములనుండి మరలించునది సత్త్వావజయము. ఈ మూడవదానిని వేరుగా పేర్కొనుటయే మన శాస్త్రకారుల సూక్ష్మదృష్టికి నిదర్శనము. రోగమును వృద్ధిచేయువానిలో విషాదమే అగ్రగణ్యమని ఆ సంహితయే చెప్పుచున్నది. తీక్ష్ణమగు ఆహారమో, చలిగాలియో అని చెప్పలేదు. దిగులు అని చెప్పినది.

జ్వరములలో కామమువలన, శోకమువలన, భయమువలన, క్రోధమువలన పుట్టునవి వేరుగా లెక్కింపబడినవి. అతిసారములలో భయమువలన పుట్టునది యొకటి, శోకమువలన పుట్టునది యొకటి. పరీక్షనాటి ఉదయమున ఎందరు బాలురు చెంబు పట్టుకొని పరుగెత్తుదురో బడిపంతుళ్లమగు మాకు తెలియును గాన, ఈ విభాగమునకు మాకు వేరు ప్రమాణము అక్కరలేదు! అట్టి అతిసారమునకు చరకుడు చెప్పిన చికిత్స గమనింపదగినది. వాతమును శమింపజేయు క్రియయు చేయవలెను. రోగిని సంతోషపెట్టి ఊరడింపవలెను. ఔషధమును మానుమనలేదు, ఊరడింపును మరువుమనలేదు. రెండును ఒకే చేతితో ఇచ్చినాడు.

ఇతిహాసపురాణములును ఈ మాటనే వేరు తెరంగున చెప్పినవి. మహాభారత వనపర్వమున శౌనకుడు ధర్మరాజునకు, మనోదుఃఖము దేహమును తపింపజేయుననియు, కావున ముందు మనస్సును జ్ఞానముచేత చల్లార్పవలెననియు ఉపదేశించెను. శాంతిపర్వమున భీమసేనుడు, దేహవ్యాధి మనోవ్యాధిని, మనోవ్యాధి దేహవ్యాధిని పుట్టించునని అన్నకు తెలిపెను. దారి ఇరువైపులకును కలదని భావము.

ఈ సందర్భమున మన ప్రాంతమునకు చెందిన యొక మహాకవిని స్మరింపక తప్పదు. క్రీ.శ. 15వ శతాబ్దమునందలి మడికి సింగన పద్మపురాణోత్తరఖండమును తెనిగించి రామగిరి ప్రభువుల మంత్రియగు కందనామాత్యునకు అంకితమిచ్చెను. ఆ రామగిరిదుర్గము నేటి పెద్దపల్లి జిల్లాలో, మన పాత కరీంనగరపు గడ్డమీదనే యున్నది. ఆ సింగనయే యోగవాసిష్ఠమును వాసిష్ఠరామాయణమను పేర తెలుగువారికి ప్రసాదించెను. మూలమగు యోగవాసిష్ఠమున చూడాలోపాఖ్యానసందర్భమున ఆధి, వ్యాధి అను రెంటిని గూర్చి విపులమగు చర్చ కలదు. మనస్సున కలుగు నొప్పి ఆధి. దేహమున కలుగునది వ్యాధి. మనస్సు కలతపడినపుడు ప్రాణవాయువు సమముగా సంచరింపదు. అది సమముగా లేనపుడు తిన్న అన్నము సరిగా పచనము కాదు. పచనము కాని అన్నమే వ్యాధియగును. ఇట్లు కలతనుండి కాయిలావరకు మెట్టు వెంట మెట్టు చూపబడినది. ఈనాటి శాస్త్రము ఆ మెట్లను వేరు పేర్లతో చెప్పునుగాక. కార్యకారణములను వెదకు బుద్ధి మాత్రము అదియే.

అచ్చటనే మరియొక మాట కలదు. పండితులు సహితము దీనిని దాటిపోవుచుందురు. వ్యాధులన్నియు ఆధినుండియే పుట్టవనియు, ఆధివలన పుట్టనివానిని ఔషధాదులచేత, వైద్యశాస్త్రోక్తవిధానముచేత పోగొట్టవలెననియు ఆ గ్రంథము చెప్పుచున్నది. జగమంతయు మనోమయమని ఘోషించు వేదాంతగ్రంథమే ఈ మేరను గీచినది! ఇంతకన్న మనకు కావలసిన సాక్ష్యమేమి?

నిజామురాజ్యమున మన పెద్దలు వైద్యులతోపాటు హకీములనుకూడ ఆశ్రయించిరి. యూనానీ వైద్యమున ఆరోగ్యమునకు తప్పనిసరియగు విషయములు ఆరు. గాలి, అన్నపానములు, దేహమునకు శ్రమవిశ్రాంతులు, మనస్సునకు చలనవిశ్రాంతులు, నిద్రాజాగరణములు, మలాదుల నిలుపుదలయు విసర్జనయు అనునవి. కోపము, భయము, సంతోషము, చింత అను మనశ్చలనములను గాలినీరులతో సమానముగా నిలిపిన శాస్త్రమది. గ్రీకుదేశపు వైద్యుడు గేలెను, కారణము తెలియక కృశించుచున్న యొక స్త్రీ నాడిని పట్టియుండగా, నాట్యకాడొకని పేరు వినబడినంతనే నాడి తడబడుట గుర్తించి, రోగము దేహమున కాదు, వలపున ఉన్నదని నిర్ణయించినట్లు వ్రాసికొనెను. ఇబ్ను సీనాయు వలపురోగమును నాడిచేత కనిపెట్టు ఉపాయమును తన వైద్యగ్రంథమున చెప్పెను. మన బసవరాజీయమును నాడీపరీక్షతోనే ఆరంభమగును. నాడి పట్టు వ్రేళ్లు ఎక్కడివైనను, అవి రోగి గుండెను మాత్రమే కాక గుండెలోని దిగులునుకూడ తాకినవి.

ఇక పాశ్చాత్యదేశముల సంగతి. 18వ శతాబ్దమున మెస్మరు అను వైద్యుడు, జీవులయందు ఒక అయస్కాంతశక్తి కలదనియు, దానిచేత రోగములు మాన్పుదుననియు పారిసునగరమును ఊపివైచెను. 1784లో ఫ్రెంచిరాజు ఒక విచారణసంఘమును నియమించెను. అమెరికాదేశీయుడగు బెంజమిను ఫ్రాంక్లిను అందు ప్రముఖుడు. మెస్మరు శిష్యుడగు డెస్లాను తోటలో ఒక్క చెట్టునకు మాత్రము శక్తిని ఆవేశింపజేసెను. కన్నులకు గంత కట్టిన పండ్రెండేండ్ల బాలుని చెట్టునుండి చెట్టునకు నడిపించిరి. శక్తిలేని చెట్టుచెంతనే ఆ బాలుడు మూర్ఛపోయెను! బాలుడు నటింపలేదు, మూర్ఛ నిజము. శక్తి మాత్రము చెట్టున లేదు, బాలుని భావనయందున్నది. రోగికి తెలియకుండ పరీక్షించి, భావనాఫలమును వస్తుఫలమునుండి వేరుచేయు పద్ధతికి అది తొలిమెట్లలో నొకటి. నేడు క్రొత్తమందునకు పరీక్ష చేయునపుడు, సాధ్యమైనచోట, కొందరికి మందును కొందరికి మందులేని మాత్రను ఇచ్చి పోల్చు ఆచారము ఈ త్రోవలోనిదే.

మన దేశమునను ఇట్టి పరీక్ష జరిగినది. 1845లో వంగదేశపు హుగ్లీలో ఎస్డెయిలు అను వైద్యుడు రోగులను మెస్మరుపద్ధతిని నిద్రబుచ్చి శస్త్రచికిత్సలు చేసెను. బాధ తెలియలేదని పలువురు రోగులు చెప్పిరి. 1847లో క్లోరోఫారము వెలసినది. మనస్సు అందరియందును ఒకేరీతిని లోబడదు. మత్తుమందు చాలవరకు అందరిని లోబరచును. కావుననే శస్త్రవైద్యులు రెండవదానిని కైకొనిరి. అనంతరము 1888, 1889 సంవత్సరములలో ఆ క్లోరోఫారమును పరీక్షించు సంఘములు డాక్టరు లారీ పూనికచేత మన హైదరాబాదులోనే కూడినవి. మనోబలమును ఎవరును కాదనలేదు. దానికి చాలని పనిని మాత్రము దానికి అప్పగింపలేదు.

ఇప్పుడు మన పొలములకు వత్తము. వానకాలమున మన రైతుకు పాముకన్న భయంకరమైనది లేదు. 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచేత ఏటేట సగటున 58,000 మంది మరణించిరని పరిశోధకులు అంచనా కట్టిరి. మనోదేహసంబంధమును గూర్చి మన శాస్త్రము చెప్పిన అత్యంతసూక్ష్మమైన మాట ఈ పాముకాటు సందర్భముననే యున్నది. చీకటిలో ఏదియో కరువగా పామే కరచెనని తలచినవానికి, విషము లేకున్నను, జ్వరము, వాంతి, మూర్ఛ, మంట పుట్టవచ్చునని చరకుడు చెప్పి, దానికి శంకావిషమని పేరుపెట్టెను. పాము దేహము తగిలినంతనే పిరికివానికి భయముచేత వాతము ప్రకోపించి వాపు కలుగునని సుశ్రుతుడు వేరొకచోట చెప్పెను. శంకావిషమునకు చికిత్స యేమి? చక్కెర, ద్రాక్ష మున్నగు మధురవస్తువులు, మంత్రించిన నీరు చిలుకుట, ఊరడింపు, సంతోషపెట్టుట. ఇదియే చరకుని విధి.

సోదరులారా! ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపుడు. ఈ చికిత్స శంకావిషమునకు. నిజమగు విషమునకు చరకుడు చెప్పినవి ఇరువదినాలుగు ఉపక్రమములు, వేరు ఔషధములు. రెంటిని ఒకటిగా కలుపలేదు. మన పల్లెలలో ఏమగుచున్నది? మంత్రగాడు వందమందికి మంత్రించును. కరచిన పాములలో పెక్కు విషములేనివి. విషసర్పము కరచినను ఒక్కొక్కప్పుడు విషమెక్కదు. కావున వందమందిలో పెక్కురు బ్రదుకుదురు. కీర్తి మంత్రమునకు దక్కును. చనిపోయినవానిని గూర్చి మాత్రము "ఆయువు తీరినది" అందురు. బ్రదికినవాడు సాక్ష్యము చెప్పును, చనిపోయినవాడు చెప్పలేడు. మంత్రముమీది నమ్మకమునకు మూలమిదియే.

భయమే చంపుననువారికి కట్లపాము తగిన సమాధానము. అది రాత్రి నేలపై నిద్రించువానిని కరచును. కాటు నొప్పి లేకపోవచ్చును, గుర్తు కనబడకపోవచ్చును. నిద్రించువానికి భయమెక్కడిది? అయినను తెల్లవారుసరికి రెప్పలు వాలును, మాట ముద్దయగును, ఊపిరి ఆగును. మనస్సునకు తెలియకయే దేహము నశించును. మనోబలమునకు మేర ఇచ్చట స్పష్టముగా కనబడుచున్నది.

మేము గోదావరియొడ్డున ఒక పల్లెబడిలో పనిచేయు దినములలో చూచిన విషయమొకటి విన్నవింతుము. కట్టెలు తీయుచున్న బాలుని ఏదియో కరచినది. వాడు "పాము, పాము" అని అరచి పడిపోయెను, చేతులు చల్లబడెను, నాలుక తిమ్మిరియెక్కినదనెను. మన కులమువాడే యొక వృద్ధవైద్యుడు వచ్చి, కట్టెలు తొలగింపజేసి చూడగా నీరుకట్టె పాము బయటపడెను. ఆయన బాలుని ఒడిలోనికి తీసికొని, "భయపడకు బిడ్డా, ఇది చెరువులో కప్పలు తిను పాము, దీనికి విషము లేదు" అని చెప్పి చక్కెరనీళ్లు త్రాగించెను. గడియలో బాలుడు లేచి కూర్చుండెను. జనులు ఆనందించి ఇండ్లకు పోబోవగా ఆయన, "పంతులూ, ట్రాక్టరు పిలిపించుండ్రి, పిల్లవానిని దవాఖానాకు తోలుకపోదము" అనెను. "నీరుకట్టెయే గదా తాతా?" అని మేమంటిమి. "నేను చూచినది నీరుకట్టెయే. పిల్లవానిని కరచినది అదియే యని నాకెవరు చెప్పిరి?" అని ఆ వృద్ధుడు బదులుపలికెను. ఆ రాత్రి బాలుడు దవాఖానాలో కనిపెట్టబడి మరునాడు కుశలముగా ఇల్లు చేరెను. ఆ వృద్ధునకు సంస్కృతము రాదు. చరకుని హృదయము మాత్రము ఆయనకు తెలియును. ఊరడించుట వైద్యుని ధర్మము; ఊరడింపు ఫలించినదని పరీక్ష మానుట ధర్మము కాదు.

పాముకాటునకు నేటి విధియు స్వల్పమే. రోగికి ధైర్యము చెప్పవలెను, కరచిన అవయవమును కదలనీయరాదు, కోయరాదు, పీల్చరాదు, ఆలస్యము లేక విషహరమగు సూదిమందున్న ఆసుపత్రికి చేర్పవలెను. ప్రాచీనులు కాటునకు పైభాగమున కట్టు విధించిరి. బిగికట్టు అవయవమునకే చేటు తెచ్చునని నేటి వైద్యము దానిని నిషేధించుచున్నది. శాస్త్రము పెరుగును, పెరుగుటయే దాని ప్రాణము. ధైర్యము చెప్పుమన్న మొదటి విధి మాత్రము చరకుని నాటినుండి మారలేదు.

పచ్చకామెర్లకు పసరు పోయుటయు ఇట్టిదే. కామెర్లలో కొన్ని విశ్రాంతిచేత, పథ్యముచేత కొన్ని వారములలో తమంత తామే శాంతించును. అట్టివానికి పసరు కీర్తి గడించును. పైత్యనాళమున రాయి అడ్డుపడినవానికి, కాలేయము చెడుచున్నవానికి ఆ వారములే ప్రాణాంతకములు. క్షయరోగమునకు క్రిమి కారణమని 1882లో జర్మనీదేశపు కోకు నిరూపించెను. ధైర్యము చెప్పిన క్షయరోగి మందును విడువక మ్రింగును. ధైర్యముచేత మాత్రము ఆ క్రిమి చావదు. "మనోధైర్యము లేక రోగము తెచ్చుకొన్నాడు" అని రోగిని నిందించుటయు తగదు. అది పుండుమీద కారము.

ఇంతవరకు చెప్పినది రోగి నష్టపోవుటను గూర్చి. దీనికన్న ఘోరమైనది పొరుగువాడు బలియగుట. తెలంగాణమున బాణామతి, చేతబడి అను మాటలు వినని పల్లె లేదు. ఇంటికోడలు ఉన్నట్లుండి విరుచుకొని పడును, మాట పడిపోవును, అంగము తిమ్మిరియెక్కును. దవాఖానాలో పరీక్షింపగా దేహదోషము కనబడదు. అంతట "ఎవరో చేసినారు" అను మాట పుట్టును. ఆమె నటించుటలేదని ముందు గ్రహింపుడు. పారిసుతోటలో మూర్ఛపోయిన బాలుడెంత నిజమో ఈమె బాధయు అంత నిజము. నోట చెప్పుకొనరాని దుఃఖము దేహముచేత చెప్పుకొనుచున్నది. నమ్మకము బలముగానున్నచోట భయము ప్రాణమునే తీయగలదనియు, భయముచేత నరములును హృదయమును ఎట్లు అలసిపోవునో కారణమును ఊహించియు, 1942లో అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టరు కానను వ్రాసెను. కాబట్టి రోగము నిజము, భయము నిజము. పొరుగువాని మంత్రము మాత్రము నిజము కాదు.

కాని ఈ భేదమును తెలియక, చేతబడి చేసెనని అనుమానించి దిక్కులేని వృద్ధుల పండ్లు ఊడగొట్టిన అకృత్యములు మన తెలంగాణమున జరిగినవి. దూరపు మాట యేల? 2022 జనవరిలో జగిత్యాలలో ఇట్టి అనుమానముచేతనే ఒక తండ్రియు, ఆయన కుమారులిరువురును పట్టపగలు హతులైరి. జగిత్యాల మన పాత కరీంనగరములోనిదే. వారి మరణమునకు మన మరపుకూడ కొంత బాధ్యత వహింపవలదా?

పూర్వశాస్త్రములందు అభిచారజ్వరము చెప్పబడలేదా యని పండితులెవరైన మమ్ము ప్రశ్నింపవచ్చును. చెప్పబడినది, దాచుట సత్యము కాదు. ఆ కాలపు నమ్మకము అందున్నది. కాని దానికి విధించిన చికిత్స యేమి? జపహోమాదులు, అదియు రోగికే. పొరుగువానిని వెదకి దండింపుమని ఏ వైద్యగ్రంథమునను మేము చదువలేదు. చరకుడు నిదానస్థానమున మరింత స్పష్టముగా చెప్పెను. తన ప్రజ్ఞాపరాధమువలన కలిగిన వ్యాధికి దేవతలను గాని, పితరులను గాని, రాక్షసులను గాని బుద్ధిమంతుడు నిందింపరాదట. రాక్షసునే నిందింపవలదన్న శాస్త్రమును చేతబట్టుకొని పక్కింటి ముసలమ్మను నిందించుట ఎంత విపరీతము!

మరి ఆ యింటికోడలికి మార్గమేమి? సత్త్వావజయమని పూర్వులు పేరుపెట్టినదే నేడు మానసికవైద్యమై, మాటచేతను మందుచేతను సాగుచున్నది. 2022 అక్టోబరునుండి టెలీమానస్ అను ప్రభుత్వసేవ 14416 అను సంఖ్యకు ఫోను చేసినవారికి లభించుచున్నది. పిచ్చివారే మానసికవైద్యుని చూడవలెనను అపోహను విడువుడు. భయశోకములచేత అతిసారము కలిగినవానిని చరకుడు పిచ్చివాడనలేదు గదా!

దేవాలయమునకు పోవలదా యని తల్లులు అడుగుదురు. పోవచ్చును. వేములవాడ రాజన్నకు కోడెను కట్టుడు. ధర్మపురి నరసింహునకు మ్రొక్కుడు. బాసరలో అమ్మ సన్నిధిని నిద్రింపుడు. మ్రొక్కు మనస్సునకు ఊతమిచ్చును. ఊతము దేహమునకును మేలే. మ్రొక్కుకొని సూదిమందు వేయించుకొన్నవానిపై ఏ దేవుడును కోపింపడు. కాని మ్రొక్కు పేర ఆలస్యము చేయకుడు. పాముకాటునందు ఒక్క గడియయే ప్రాణము.

తుదకు మన కులమునకు ప్రత్యేకముగా ఒక మనవి. నేడును పల్లెలో క్షౌరశాలయందు కూర్చున్నవాడు తన తలను మాత్రమే కాక తన కష్టమునుకూడ మనకప్పగించును. అప్పు, పంటనష్టము, నిద్రలేమి, ఇంటి కలహము మొదట వినునది మన చెవియే. "బాణామతి" అను మాట ఊరిలో పుట్టినపుడు మొదట వినునదియు మన చెవియే. ఆ మాటను అచ్చటనే ఆపు శక్తి మనకున్నది. కావున ఈ సభవారు మూడు తీర్మానములు చేయుదురుగాక యని కోరుచున్నాము. మనలో ఎవరును చేతబడి మాటను మోయరాదు, మోయువానిని వారింపవలెను. పాముకాటు తగిలినవానిని ఊరడించి వెంటనే 108 బండికి కబురుపెట్టవలెను. కారణము దొరకని బాధతోనున్నవారిని పరిహసింపక, మంత్రగానియొద్దకు కాక, వైద్యునియొద్దకు వెంటబెట్టుకొని పోవలెను. దాతలగు పెద్దలు ఈ మూడు మాటలను పెద్దయక్షరములతో అచ్చొత్తించి ప్రతి క్షౌరశాలలో కట్టించినచో, సత్రము కట్టించినంత పుణ్యము.

మన తాతలు ఒక చేత ఔషధమును, ఒక చేత ఊరడింపును పట్టి ఇల్లిల్లు తిరిగిరి. ఔషధము నేడు ఆసుపత్రికి చేరినది. ఊరడింపు ఇంకను మన చేతనే యున్నది. దానిని సక్రమముగా వినియోగింతుముగాక. 

సర్వేజనాః సుఖినో భవంతు.